సాంకేతిక దీపిక: చిరునామా పట్టికలో పాత పేరు

మన కాలనీలలో నివసించేవారికి బదిలీల సంగతి ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు. క్వార్టరు సంఖ్య మారదు. అందులోని కుటుంబం మాత్రం మారుతూ ఉంటుంది. కొత్తవారు వచ్చి నెల గడిచినా పాలవాడు పాతవారి పేరుతోనే పిలవడం మనమందరం ఎరిగినదే. కంప్యూటర్ల లోకంలోనూ ఇటువంటి చిక్కే ఒకటి ఉన్నది. ఈ సంచికలో దానిని గురించి ముచ్చటించదలచాము.

కార్యాలయపు నెట్‌వర్కులోని ప్రతి యంత్రానికీ రెండు చిరునామాలు ఉంటాయి. మనం కేటాయించే ఐపీ చిరునామా క్వార్టరు సంఖ్య వంటిది. నెట్‌వర్కు కార్డుకు తయారీదారు ఇచ్చే 48 బిట్ల మ్యాక్ చిరునామా అందులో నివసించే వ్యక్తి పేరు వంటిది. ఒక కంప్యూటరు మరొకదానికి సమాచారం పంపవలసినప్పుడు, "ఈ ఐపీ ఎవరిది?" అని ఆ నెట్‌వర్కులోని అన్నింటినీ అడుగుతుంది. సొంతదారు తన మ్యాక్ చిరునామాతో బదులిస్తుంది. ఆ జవాబును అడిగిన కంప్యూటరు ఒక పట్టికలో వ్రాసుకుంటుంది. 1982 నవంబరులో డేవిడ్ ప్లమర్ ప్రకటించిన ఈ పద్ధతికి ఏఆర్‌పీ అని పేరు. యంత్రం తానుగా నేర్చుకున్న వివరం గడువు తీరగానే చెరిగిపోతుంది. సిస్కో రూటర్లలో ఆ గడువు సాధారణంగా 4 గంటలు. మనం చేతితో వ్రాసినది మాత్రం అలా చెరగదు.

అండమాన్ నికోబార్ దీవులకు చాలాకాలం ఉపగ్రహమే ప్రధాన ఆధారంగా ఉండేది. చెన్నై నుండి పోర్ట్‌బ్లెయిర్‌కు, అక్కడి నుండి కార్ నికోబార్, గ్రేట్ నికోబార్ మొదలైన దీవులకు వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబులు 2020 ఆగస్టు 10న ప్రారంభమైనది. పోర్ట్‌బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మారినది. కేబులు వచ్చిన తరువాత ఏ కంప్యూటరు మొరాయించినా "కేబులు తెగినదేమో" అనడం ద్వీపవాసులకు అలవాటైనది.

మేము చూచిన ఒక చిన్న ద్వీప కార్యాలయంలో పాత రూటరు చెడిపోగా కొత్తది అమర్చారు. ఐపీ చిరునామా పాతదే. మిగిలిన కంప్యూటర్లన్నీ చక్కగా పనిచేస్తున్నవి. కౌంటరులోనిది మాత్రం బయటి ప్రపంచాన్ని అందుకోలేకపోయినది. పొరుగు దీవి నుండి పడవ మీద వచ్చిన విశ్రాంత ఉద్యోగి ఒకరు కాగితాలు చేతబట్టుకుని బల్లపై కూర్చున్నారు. తిరుగు పడవ మధ్యాహ్నానికే. మూడుసార్లు ఆపి మళ్లీ ప్రారంభించినా ఫలితం లేకపోయినది.

అప్పుడు ఆ కంప్యూటరులోనూ, పక్కదానిలోనూ ఆంగ్లాక్షరాలతో 'ఏఆర్‌పీ -ఏ' అనే ఆదేశం ఇచ్చి రెండు పట్టికలనూ పోల్చి చూశాము. రూటరు ఐపీ ఎదుట రెండింటిలో రెండు వేర్వేరు మ్యాక్‌లు ఉన్నవి. కౌంటరు కంప్యూటరులో పాత రూటరు మ్యాక్ 'స్థిరం' అనే గుర్తుతో నిలిచి ఉన్నది. ఎవరో పూర్వోద్యోగి 'ఏఆర్‌పీ -ఎస్' ఆదేశంతో దానిని వ్రాసి, కంప్యూటరు ప్రారంభమైన ప్రతిసారీ అమలయ్యే ఫైలులో ఉంచారు. అందుకే ఎన్నిసార్లు ప్రారంభించినా పాత పేరే తిరిగి వచ్చినది. ఆ ఫైలులోని వాక్యం తొలగించి, 'ఏఆర్‌పీ -డి' తరువాత రూటరు ఐపీ టైపు చేయగానే పాత వివరం చెరిగినది. కొత్తది దానంతట అదే వచ్చి చేరినది. పెద్దాయనకు పడవ అందినది.

ఆ పూర్వోద్యోగిని మేము తప్పుపట్టము. ఏఆర్‌పీలో జవాబు చెప్పినది నిజమైన సొంతదారో కాదో పరీక్షించే ఏర్పాటు లేదు. మోసపు జవాబులను అడ్డుకొనుటకు ముఖ్యమైన చిరునామాను స్థిరంగా వ్రాయడం మంచి జాగ్రత్తే. లోపమల్లా దానిని రిజిస్టరులో నమోదు చేయకపోవడం. ఆయన బదిలీపై వెళ్లారు. ఆయన వ్రాసినది మాత్రం అక్కడే ఉండిపోయినది.

కనుక సోదర ఉద్యోగులకు మా విన్నపం: ఒక్క కంప్యూటరు మాత్రమే మొరాయిస్తే సముద్రం వైపు చూడకముందు దాని పట్టికను చూడండి. చూచుటకు ఎవరైనా చాలు. చెరుపుటకు అడ్మినిస్ట్రేటరు అనుమతి కావలెను. లినక్స్ యంత్రాలలో ఇదే పనికి 'ఐపీ నైబర్' ఆదేశం ఉన్నది. స్థిరమైన చిరునామా వ్రాసిన ప్రతిసారీ తేదీ, కారణం, సంతకంతో రిజిస్టరులో ఎక్కించండి. బదిలీ నాడు తాళంచెవులతో పాటు ఆ రిజిస్టరునూ అప్పగించండి.