పగలని ముంత ఎవడిక్కావాలి?

మా ఆఫీసులో ఓ జబ్బుంది. పండగొచ్చినా, వార్షికోత్సవమొచ్చినా "ఈసారి దేని మీద లోగో కొట్టిద్దాం?" అని మీటింగు పెడతారు. కాఫీ కప్పులయ్యాయి, గొడుగులయ్యాయి, ఎవరూ తగిలించుకోని సంచులూ అయ్యాయి. పోయినేడాది ఎవరికో జ్ఞానోదయమైంది. సర్కారు బడి పిల్లలకి కిడ్డీ బ్యాంకులిద్దాం, పొదుపు నేర్పినట్టూ ఉంటుంది, మన పేరు నాలుగిళ్ళలో ఉన్నట్టూ ఉంటుంది అన్నారు. ఆలోచన మంచిదే, నేనూ చప్పట్లు కొట్టాను. అంతటితో ఆగకుండా "మా మైలార్‌దేవ్‌పల్లి బడికే ఇద్దాం" అని నోరు జారింది కూడా నేనే. కాబట్టి ఈ పాపంలో నాకూ వాటా ఉంది.

వచ్చినవి గులాబీరంగు ప్లాస్టిక్ పందులు. వీపు మీద బిళ్ళ వేసే సందు, పక్కన మా లోగో, పొట్ట కింద గోటితో గిల్లితే ఊడొచ్చే బిరడా. ఆ బిరడా గురించే ఈ గోలంతా.

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూతురు ఐదో తరగతి. దానికీ ఓ పంది వచ్చింది. ఆర్నెల్ల పాటు ఎవరు రూపాయిచ్చినా అందులో వేసింది. వేసినప్పుడల్లా నోట్‌బుక్ వెనక అట్ట మీద రాసుకుంది. (మా టీంలో ఇంత శ్రద్ధగా లాగ్ రాసేవాడు ఒక్కడు లేడు!) జూపార్కుకి తీసుకెళ్తామని బడిలో చెప్పిన రోజు బిరడా తీసింది. అట్ట మీద లెక్క మూడొందల నలభై. పందిలో ఉన్నది తొంభై.

"నువ్వే కొనుక్కొని తిన్నవ్" అని వాళ్ళమ్మ. "నేను తియ్యలే" అని పిల్ల. అన్న మీద అనుమానం, నాన్న మీద అనుమానం, ఓ పూట ఇంటికొచ్చిన మేనమామ మీద కూడా. ఎవరు తీశారో నాకు తెలీదు, వాళ్ళకీ తెలీదు. ఎప్పటికీ తెలీదు కూడా. రెండొందల యాభై పోయిన బాధ వారంలో పోయుండేది. ఆ ఒకే గదిలో నలుగురూ ఒకరినొకరు చూసుకునే చూపు మాత్రం ఇంకా పోలేదు. ఆ చూపుని రంగు కాగితంలో చుట్టి, చప్పట్ల మధ్య వాళ్ళింటికి పంపింది మేం.

"చివరికి ఏం చేశావక్కా?" అని మొన్న వాళ్ళమ్మనడిగాను. "ఏం జేస్త సారూ, గల్లగురిగి కొనుక్కొచ్చిన. మంచిగ మట్టిది. ఇగ ఎవలు తీస్తరో తియ్యమను" అంది. మా వైపు డబ్బుల ముంత అంటాం, ఇక్కడ గల్లగురిగి. ఏ పేరుతో పిలిచినా సందు ఒకటే, తలుపు లేదు. డబ్బు తియ్యాలంటే పగలగొట్టాల్సిందే. పగిలితే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది.

దీన్నే మా సాఫ్ట్‌వేర్ వాళ్ళు ట్యాంపర్ ఎవిడెంట్ అని గొప్పగా చెప్పుకుంటారు. దొంగతనాన్ని ఆపలేకపోయినా, జరిగిన సంగతి దాగనివ్వకపోవడం. గుడి హుండీకి తాళంతో పాటు సీలు కూడా వేసేది ఇందుకే. కుమ్మరి ఈ పని ఏ పేటెంటూ లేకుండా వందల ఏళ్ళుగా చేస్తున్నాడు. జావా దీవిలో మజాపహిత్ రాజుల కాలం నాటి (14, 15 శతాబ్దాలు) మట్టి పందులు దొరికాయి. అవీ డబ్బు దాచుకునేవే, అవీ పగలగొట్టాల్సినవే. అంటే ముంత పగలడం లోపం కాదు మహాప్రభో, పగలడమే దాని తాళం!

ఈ ఏడు మళ్ళీ మీటింగు పెడితే ఈ మాటే అన్నాను. "మట్టా? అన్‌బ్రేకబుల్ కావాలి సార్" అన్నారు. ఎవరి కోసం అన్‌బ్రేకబుల్? లోగో కోసం. పిల్ల డబ్బు పోయినా ఫర్లేదు, మన పేరు పగలకూడదు.

సరే, లోగో కోసమే అనుకుందాం. ప్లాస్టిక్ అంటే ఒకటే సరుకు కాదు. పాలీస్టైరిన్ చవక, నిగనిగలాడుతుంది, కానీ పెళుసు. పది రూపాయల బిళ్ళ 7.7 గ్రాములుంటుంది. వంద బిళ్ళలు పడితే ముప్పావు కిలో. ఆ బరువుతో బల్ల మీంచి పడితే అతుకు దగ్గర విచ్చుకునే ప్రమాదం ఎక్కువ. పాలీప్రొపిలీన్ గట్టిది, కానీ దాని మీద సిరా పట్టదు. ముందు మంటతోనో కరెంటుతోనో పైపొరని సిద్ధం చెయ్యాలి. ఆ ఖర్చు మిగుల్చుకున్నవాడి లోగో గోటికే లేచిపోతుంది. మెత్తగా నొక్కుకుపోయే పీవీసీ పందిలో మెత్తదనం కోసం కలిపేవి సాధారణంగా థాలేట్లు. పిల్లల వస్తువుల్లో వాటికి చాలా దేశాలు హద్దులు పెట్టాయి. ఏబీఎస్ దెబ్బలకి ఆగుతుంది, అచ్చూ బాగా పడుతుంది, ధర చెప్పగానే మీటింగు ముగుస్తుంది.

మన దేశంలో 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకి ఐఎస్‌ఐ మార్కు తప్పనిసరి. మాకు సరుకిచ్చినాయన్ని మార్కేదని అడిగితే "ఇది బొమ్మ కాదు సార్, స్టేషనరీ" అన్నాడు. కళ్ళున్నాయి, తోకుంది, నవ్వుతోంది, స్టేషనరీ అట!

మైలార్‌దేవ్‌పల్లిలో ఉండేవాడికి ప్లాస్టిక్ గురించి పుస్తకం చూసి చెప్పాల్సిన పని లేదు. పక్కనే కాటేదాన్. ప్లాస్టిక్ తుక్కు కరిగించే షెడ్ల వాసన రాత్రిపూట కిటికీలోంచి వస్తుంది. కాటేదాన్ నేలలో సీసం, క్రోమియం లాంటివి మోతాదు మించి ఉన్నాయని ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు 2008లోనే ప్రచురించారు. ఆ గాలి పీల్చే పిల్లలకి మనం తీసుకెళ్ళి ఇచ్చే కానుక ఇంకో ప్లాస్టిక్ ముక్కా?

అలాగని మట్టి అనగానే కళ్ళకద్దుకోమనను. ఆ మట్టి ఎక్కడిదో కూడా అడగాలి, ఫ్యాక్టరీ మురుగు చేరే కుంటలోది వద్దు. పైన మెరిసే రంగులు వెయ్యించొద్దు. ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని 2016లో రూల్సొచ్చాయి, 2017 నవంబరు నుంచి అమల్లో ఉన్నాయి. కానీ బజార్లో ముంతకి పూసిన రంగు ఏ డబ్బాలోదో ఎవడు చెప్తాడు? లోగో కావాలంటే పచ్చి మట్టి మీద అచ్చు గుద్దించండి. కాలాక అది ముంత ఉన్నంత కాలం ఉంటుంది, ఏ సిరా ఉంటుందంత కాలం? సందు 30 మిల్లీమీటర్ల పొడవు పెట్టించండి. పది, ఇరవై బిళ్ళలు 27 మిల్లీమీటర్లుంటాయి, మట్టేమో కాలినప్పుడు కుంచించుకుపోతుంది, ఆ లెక్క కుమ్మరికి ముందే చెప్పాలి. వానాకాలంలో ఆర్డరిచ్చి వారంలో కావాలనొద్దు, పచ్చి ముంత ఆరకుండా ఆవంలో పెడితే పగుళ్ళిస్తుంది. దారిలో కొన్ని పగులుతాయి, నూటికి పది ఎక్కువ చేయించి గడ్డిలో సర్దించండి. ఇంతే కదా, రాకెట్ సైన్సా?

మరీ చిన్నపిల్లలకి పెంకులు గుచ్చుకుంటాయన్న మాట నిజం. వాళ్ళకి రేకు డబ్బా ఇవ్వండి, అంచులు లోపలికి మడిచి, మూత లేకుండా మూసేసినది. కోస్తే గానీ రాకూడదు. వస్తువేదైనా షరతు ఒక్కటే.

1928లో ఉడుపిలో సిండికేట్ బ్యాంకు వాళ్ళు పిగ్మీ డిపాజిట్ మొదలుపెట్టినప్పుడు రోజుకి రెండణాల కోసం ఏజెంటు ఇంటికొచ్చేవాడు. ఆ బ్యాంకు 2020లో కెనరాలో కలిసిపోయింది. వాళ్ళు ఇంటింటికీ ఇచ్చింది డబ్బా కాదు, లెక్క. వేసినది వేసినట్టుంటుందన్న భరోసా. ఆ భరోసా ఇవ్వలేనప్పుడు కిడ్డీ బ్యాంకులో ఆ "బ్యాంకు" అన్న మాట తీసెయ్యండి, ఉత్త పంది అనండి, సరిపోతుంది.

మా ఆఫీసులో ఇంకా ఏదీ తేలలేదు, ఫైలు "అండర్ రివ్యూ" :) మీ ఆఫీసులో ఇలాంటి మీటింగు జరిగితే రంగు, ధర, లోగో సైజు అన్నీ మాట్లాడుకోండి, కాదన్ను. వాటన్నిటికంటే ముందు ఒక్క ప్రశ్న అడగండి. దీన్ని ఎవరికీ తెలీకుండా తెరవచ్చా? తెరవచ్చు అంటే, అది పిల్లలకివ్వకండి. కాఫీ కప్పులే ఇచ్చుకోండి, కనీసం కొంపలు ఆరకుండా ఉంటాయి.