జేబులోని డ్రైవ్‌పై నిషేధమెందుకు?

‘పెన్‌డ్రైవ్‌లు వాడరాదు’ అన్న కాగితం మన కంప్యూటర్ ల్యాబ్‌ల గోడలకు అతుక్కుని ఏళ్లు గడిచాయి. ప్రొద్దుటూరైనా, జమ్మలమడుగైనా, పులివెందులైనా అదే మాట. డ్రైవ్‌లో సినిమాలు ఎక్కించుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. అందులోంచి ఒక ప్రోగ్రాం నడుపుతానంటే మాత్రం మూడు నిందలు మీద పడతాయి: సిస్టం చెడిపోతుంది, వైరస్ ఎక్కుతుంది, అదంతా దొంగ సాఫ్ట్‌వేర్. అంతా క్లౌడ్‌లో ఉండగా డ్రైవ్ మోసుకు తిరగడం పాతకాలపు అలవాటని చదువుకున్నవాళ్లు ఇంకొకటి కలుపుతారు. ఈ మాటల్లో నిజం కొంచెమే ఉంది. వాటివల్ల సొంత కంప్యూటర్ లేనివాళ్లకు జరిగే నష్టం మాత్రం చాలా పెద్దది.

మా ప్రాంతంలో కంప్యూటర్ మీద బతికేవాళ్లందరికీ సొంత కంప్యూటర్ లేదు. ప్రొద్దుటూరు బజారులో బంగారు అంగళ్లకు, బట్టల అంగళ్లకు లెక్కలు రాసే గుమాస్తా పొద్దున ఒక అంగట్లో, సాయంత్రం ఇంకో అంగట్లో కూర్చుంటాడు. పులివెందుల జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీలోనో, ప్రొద్దుటూరులోని యోగి వేమన యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీలోనో చదివే పిల్లలకు పగలు ల్యాబ్ సిస్టం, రాత్రి రూమ్మేట్ ల్యాప్‌టాప్, సెలవుల్లో ఊరికెళితే నెట్ సెంటర్. పని ఒకటే, యంత్రాలు మూడు. మూడింట్లో ఒక్కటీ వాళ్లది కాదు. ఒకదాంట్లో ఉన్న సాఫ్ట్‌వేర్ ఇంకొకదాంట్లో ఉండదు. ఎక్కిద్దామంటే అడ్మిన్ పాస్‌వర్డ్ ఉండదు.

పోర్టబుల్ ప్రోగ్రాం తీర్చేది సరిగ్గా ఈ ఇబ్బందినే. మామూలు సాఫ్ట్‌వేర్ ఎక్కించినప్పుడు దాని ఫైళ్లు సీ డ్రైవ్‌లో పడతాయి, సెట్టింగులు రిజిస్ట్రీలోకి పోతాయి. పోర్టబుల్‌గా తయారుచేసినదైతే అన్నీ తన ఫోల్డర్‌లోనే ఉంచుకుంటుంది. ఒక సిస్టంలో డ్రైవ్ అక్షరం ఈ అయినా, ఇంకోదాంట్లో జీ అయినా దాని దారి అది వెతుక్కుంటుంది. పని చేసుకున్న సిస్టంలో మార్పు దాదాపు ఉండదు. అలాంటిదాన్ని పట్టుకుని సిస్టం చెడిపోతుందనడం అన్యాయం. వరసపెట్టి సాఫ్ట్‌వేర్లు ఎక్కించి, తీసేసి, చివరికి ఫార్మాట్ కొట్టించే మన అలవాటే సిస్టంను ఎక్కువగా పాడుచేస్తోంది.

ఈ పోర్టబుల్ పద్ధతి నిన్నమొన్న ఎవరో గదిలో కూర్చుని చేసిన ప్రయోగం కూడా కాదు. సీడీ నుంచే మొత్తం లినక్స్‌ను నడిపే నాపిక్స్‌ను జర్మనీకి చెందిన క్లౌస్ నాపర్ 2000లో ఇచ్చాడు. 2004లో జాన్ హాలర్ ఫైర్‌ఫాక్స్‌ను పోర్టబుల్‌గా మార్చాడు. ఇలాంటి ప్రోగ్రాముల ‘పోర్టబుల్‌యాప్స్’ సంగ్రహం అక్కణ్నుంచి పెరిగిందే. మైక్రోసాఫ్ట్ కూడా 2012లో విండోస్ 8తో పాటు, విండోస్‌నే యూఎస్‌బీ డ్రైవ్ నుంచి నడిపే ‘విండోస్ టు గో’ తెచ్చింది. అయితే అప్పట్లో అది పెద్ద సంస్థలు కొనే ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌కే పరిమితం. 2020లో దాన్నీ తీసేశారు. అవసరమని తెలిసినవాళ్లకు ఆ వసతి దొరికింది, జమ్మలమడుగు డిగ్రీ విద్యార్థికి మాత్రం గోడ మీది కాగితమే మిగిలింది.

తెలుగులో పని చేసేవాళ్లకు ఇందులో ఉన్న మేలు గురించి ఎవరూ మాట్లాడటం లేదు. శుభలేఖ ఒక డీటీపీ షాపులో కంపోజ్ చేస్తారు, ప్రింటు ఇంకోచోట తీస్తారు. కంపోజింగ్‌కు వాడిన ‘అను’ అనే డీటీపీ ఫాంటు అక్కడ లేకపోతే పెళ్లికూతురి పేరు ఉన్నచోట అర్థంకాని గుర్తులు వస్తాయి. ముహూర్తం దగ్గరపడ్డాక ఆ కంగారు పడినవాళ్లకే తెలుస్తుంది. యూనికోడ్ ఫాంటుతో కంపోజ్ చేస్తే కనీసం అక్షరాలు నిలుస్తాయి, కానీ అవతలి సిస్టంలో ఆ ఫాంటు లేకపోతే రూపం మారిపోతుంది. లిబ్రెఆఫీస్ పోర్టబుల్‌లో దీనికి తేలిక మార్గం ఉంది. సిలికానాంధ్ర ఉచితంగా విడుదల చేసిన మండలి, రామభద్ర, సూరన్న లాంటి ఫాంట్లను ఆ ప్రోగ్రాం సొంత ఫాంట్ల ఫోల్డర్‌లో వేసుకుంటే చాలు, డ్రైవ్ ఎక్కడ పెట్టినా అవి వెంట వస్తాయి. ఎవరి సిస్టంలోనూ ఫాంటు ఎక్కించమని బతిమాలాల్సిన పని లేదు. కోడ్ రాసే పిల్లలకూ ఇంతే: వీఎస్ కోడ్ జిప్‌ను విప్పి, ఆ ఫోల్డర్‌లో ‘డేటా’ అన్న ఫోల్డర్ ఒకటి పెడితే సెట్టింగులు, ఎక్స్‌టెన్షన్లు అన్నీ అందులోనే ఉండిపోతాయి.

దొంగ సాఫ్ట్‌వేర్ అన్న నింద ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు తెలుసు. డీటీపీ షాపుల్లో చేతులు మారే ‘పోర్టబుల్ ఫోటోషాప్’ నుంచి వచ్చింది. అడోబీ అలాంటిది ఎప్పుడూ విడుదల చేయలేదు. అది ఎవరో తాళం పగలగొట్టి కట్టిన మూట, లోపల ఇంకేముందో కట్టినవాడికే తెలియాలి. దాన్ని ఎవరు వాడినా తప్పే. కానీ బొమ్మలకు, పేజీలకు పనికొచ్చే జింప్, ఇంక్‌స్కేప్, స్క్రైబస్ పోర్టబుల్‌గానూ ఉచితంగా, చట్టబద్ధంగా దొరుకుతున్నాయి. తప్పుడు సరుకు పేరు చెప్పి మంచి సరుకును గుమ్మం దగ్గరే ఆపేస్తున్నాం.

ఇక వైరస్. 2008 చివర్లో పుట్టిన కాన్‌ఫికర్ యూఎస్‌బీ డ్రైవ్‌ల ద్వారా కూడా పాకింది, భయపడటంలో తప్పు లేదు. అయితే డ్రైవ్ పెట్టగానే ప్రోగ్రాం దానంతటదే నడిచే ఆటోరన్‌ను విండోస్ 7లోనే ఆపేశారు. 2011లో ఎక్స్‌పీ, విస్టాలకూ ఆ మార్పు పంపారు. ఇప్పటికీ ఫోల్డర్లు మాయమై వాటి చోట షార్ట్‌కట్లు కనిపించే బెడద ఉంది. దానికి మందు స్కాన్ చేయడం, ఫైలు ఎక్స్‌టెన్షన్లు కనబడేలా పెట్టుకోవడం, షార్ట్‌కట్ మీద నొక్కకూడదని పిల్లలకు నేర్పడం. నేర్పాల్సిన చోట నిషేధించి ఊరుకుంటే ఆ పిల్లవాడు రేపు ఆఫీసులో అదే షార్ట్‌కట్ మీద నొక్కుతాడు.

క్లౌడ్ వాదులు ఒక్కసారి నెట్ సెంటర్‌లోని డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి చూడాలి. ఎవరివో ఆధార్ కార్డులు, మార్కుల మెమోలు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీలు, లాగౌట్ చేయకుండా వదిలేసిన మెయిళ్లు. క్లౌడే చాలని డ్రైవ్ లేకుండా వచ్చి, సర్టిఫికెట్ ప్రింటు తీసుకుని, బస్సుకు టైమైందని వెళ్లిపోయినవాళ్లవి అవి. డ్రైవ్‌లోని బ్రౌజర్ వాడి, డౌన్‌లోడ్‌లు కూడా డ్రైవ్‌లోకే పడేలా పెట్టుకున్నవాడి లాగిన్లు, కాగితాలు వాడితోనే పోతాయి. పైగా గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే మెయిల్, ఫోటోలు, ఫైళ్లు అన్నీ ఇరుక్కోవాలి. నెట్ లేని పూట అదీ అందదు.

ఈ పద్ధతికి హద్దులు లేవని నేననను. సిస్టంలో ముందే, నొక్కిన ప్రతి అక్షరాన్నీ దొంగచాటుగా రాసుకునే కీలాగర్ ఉంటే ఏ డ్రైవూ కాపాడదు. అందుకే బయటి సిస్టంలో బ్యాంకు పని పెట్టుకోకూడదు. చవక పెన్‌డ్రైవ్ మీద లిబ్రెఆఫీస్ తెరుచుకోవడం విసుగు పుట్టిస్తుంది. చేయగలిగినవాళ్లు చిన్న ఎస్ఎస్‌డీ కొని యూఎస్‌బీ 3 పోర్టులో పెట్టాలి. డ్రైవ్ పోతుంది, పాడవుతుంది కూడా. రెండో కాపీ ఇంట్లో ఉండి తీరాలి. విండోస్‌లోని బిట్‌లాకర్‌తో తాళం వేసుకుంటే పోగొట్టుకున్నా లోపలిది పరులపాలు కాదు. విండోస్ ప్రో ఉన్న సిస్టంలో ఒకసారి తాళం వేస్తే హోమ్ ఎడిషన్‌లోనూ తెరుచుకుంటుంది. ట్యాలీ లాంటివాటి లైసెన్సును డ్రైవ్‌తో దాటేయాలని చూడకూడదు.

ల్యాబ్‌లు నడిపే ప్రిన్సిపాళ్లకు, నెట్ సెంటర్ యజమానులకు నా విన్నపం ఒకటే. ఆ కాగితం తీసేయండి. దాని చోట ‘డ్రైవ్ స్కాన్ చేసి వాడండి’ అని రాయండి. అనుమతించిన పోర్టబుల్ ప్రోగ్రాముల జాబితా పక్కనే పెట్టండి. మొదటి ఏడాది పిల్లలను ఒక పూట కూర్చోబెట్టి ఇది నేర్పండి. వచ్చే విద్యా సంవత్సరం దాకా ఆగాల్సిన పని కాదు, వచ్చే సోమవారమే మొదలుపెట్టొచ్చు.