వికలాంగుల యుపకరణములు

సభ కావించి, పూలమాలలు వేసి, ఛాయాచిత్రములు తీయించి వికలాంగులకు మూడుచక్రముల బండ్లు పంచుట మన పట్టణములలో పరిపాటి యైనది. దాతల సద్బుద్ధిని మేము శంకింపము. కాని యా బండి యింటి గడప దాటునా, యూరి సందులో మలుపు తిరుగునా యని పుచ్చుకొనువానిని ముందుగా నడిగినవా రెందఱు? అడుగక యిచ్చిన బండి కొన్నాళ్లకు పశువులకొట్టమున చేరుచున్నది.

ఫ్రాన్సు దేశమున సైనికోద్యోగము చేసిన షార్ల్ బార్బియే పండ్రెండు చుక్కల లిపి నొకదానిని కల్పించెను. ఆయన చూపు గలవాడు. ఉబ్బెత్తు చుక్కలను వ్రేలితో చదువవచ్చునన్న ఘనత యాయనకు చెందవలసినదే. ఐనను ఆ గుర్తు వ్రేలికొనలో నిమడదు. ఉచ్చారణను తెలుపును గాని వర్ణక్రమమును తెలుపదు. దానిని తడవి చదివిన యంధబాలుడు లూయీ బ్రెయిల్ 1824 లో, పదునైదేండ్ల ప్రాయమున, చుక్కలను ఆఱింటికి కుదించెను. వ్రేలు మోపినంతనే యక్షరము తెలియును! ఆయన చదివి, బోధించిన పారిసు పాఠశాల దానిని అధికారపూర్వకముగా నంగీకరించునప్పటికి 1854 వచ్చెను. బ్రెయిల్ 1852 లోనే గతించెను. తెలుగు బాలురు నేడు చదువు భారతీ బ్రెయిలునకును ఆ యాఱు చుక్కలే యాధారము.

మన దేశమునను నిదర్శనము కలదు. పాశ్చాత్యుల కృత్రిమపాదము బూటు లేనిదే పనికిరాదు. దానితో గొంతుకూర్చుండుట, బాసింపట్టు వేయుట, బురదచేలో నడచుట పొసగదు. కావుననే రోగులు దానిని విడిచి చంకకఱ్ఱలకే మరలిరి. వారి తిరస్కారమును మౌఢ్యమనక, దానిలోని కారణమును గ్రహించిన శిల్పి రామచంద్రశర్మయు, డాక్టరు సేఠీయు 1968 ప్రాంతమున రబ్బరుతో జయపుర పాదమును రూపొందించిరి. కాలు పోయిన రైతు మరల పొలము దున్నగలిగెను.

వికలాంగులను సంప్రదింపకుండ వారి విషయములు నిర్ణయింపరాదని 2006 నాటి ఐక్యరాజ్యసమితి యొడంబడిక చెప్పుచున్నది. మన ప్రభుత్వము 2007 లో దాని నామోదించినది; 2016 లో చట్టమును చేసినది. దివ్యాంగులను క్రొత్త పేరును వచ్చినది. (ఆ పేరు పెట్టునపుడైన వారి నడిగినవా రెందఱో!)

మేము కోరునది స్వల్పము. ఉపకరణములు కొను ప్రతి సంఘమునను వానిని వాడువారికి స్థాన మీయవలయును. నమూనాను నెలదినములు వారి యిండ్లలో నుంచి, వారు సరియన్న పిమ్మటనే టెండరు పిలువవలయును. సలహాకు పిలిచిన దినమునకు తగిన వేతనమును చెల్లింపవలయును. ఇంజనీరును ఉచితముగా పనిచేయు మని మన మడుగుట లేదు గదా!