మత్సుయిని వదులుకోవడం: లెక్కా, లెక్కలేనితనమా?

వయసు మళ్ళిన ఆటగాడితో మళ్ళీ ఒప్పందం రాసుకోవాలా, మర్యాదగా సాగనంపాలా అన్న తగవు బేస్‌బాల్‌లో ప్రతి శీతకాలమూ వస్తుంది. ఉంచమనేవాళ్ళు మనసున్నవాళ్ళట, పంపమనేవాళ్ళు లెక్క తెలిసినవాళ్ళట. ఈ పంపకం ఎవరు చేశారో గానీ, దానివల్ల రెండో పక్షానికి లెక్క చూపించే బాధ్యత తప్పిపోయింది. 2009 చివర న్యూయార్క్ యాంకీస్ జట్టు హిడెకి మత్సుయిని వదులుకున్న తీరు ఇందుకు నాకు తెలిసిన గట్టి సాక్ష్యం.

2009 నవంబర్ 4. వరల్డ్ సిరీస్ ఆరో ఆట. ఎదురుగా ఫిలడెల్ఫియా ఫిల్లీస్, బంతి వేస్తున్నది సామాన్యుడు కాదు, పెడ్రో మార్టినెజ్. యాంకీస్ 7-3తో గెలిచి 27వ కిరీటం అందుకున్న ఆ రాత్రి, ఆ ఏడు పరుగుల్లో ఆరు మత్సుయి బ్యాటు పుణ్యమే. ఒక్క వరల్డ్ సిరీస్ ఆటలో అన్ని పరుగులు రాబట్టడం 1960 నాటి బాబీ రిచర్డ్‌సన్ రికార్డుతో సమానం. సిరీస్ మొత్తంలో 13 అవకాశాలకు 8 హిట్లు, మూడు హోమ్ రన్లు (మన భాషలో సిక్సర్లనుకోండి). పైగా ఆరు ఆటల్లో మూడింట అతనికి మొదటినుంచీ చోటే లేదు. బ్యాటింగ్ మాత్రమే చేసే 'డెసిగ్నేటెడ్ హిట్టర్'కు అప్పట్లో ఫిలడెల్ఫియా వారి లీగులో స్థానం లేదు మరి. అయినా సిరీస్‌లో ఉత్తమ ఆటగాడిగా అతన్నే ఎంపిక చేశారు. జపానులో పుట్టినవాడికి ఆ గౌరవం దక్కడం అదే తొలిసారి.

ఆరు వారాలు తిరిగేసరికి అతను లాస్ ఏంజెలెస్ ఏంజెల్స్ ఆటగాడు.

యాజమాన్యం పక్షాన చెప్పవలసినది ఉంది, చెబుతాను. అతనికప్పుడు 35 ఏళ్ళు. మోకాళ్ళు అరిగిపోయాయి. 2009లో ఒక్క ఇన్నింగ్స్ కూడా మైదానంలో ఫీల్డింగ్ చేయలేదు. హిట్టర్ స్థానాన్ని అతనికే కట్టబెట్టకుండా ఖాళీగా ఉంచితే పొసాడా, రోడ్రిగెజ్, జీటర్ వంటి తక్కిన పెద్దవాళ్ళకు వంతులవారీగా కాళ్ళకు విశ్రాంతి ఇవ్వవచ్చు. సవ్యమైన ఆలోచనే. దానిమీదే నిలబడి ఉంటే నాకు ఈ రాతపని తప్పేది.

నిలబడలేదు. ఖాళీగా ఉంచుతామన్న ఆ స్థానంలోకి వెంటనే నిక్ జాన్సన్‌ను తెచ్చారు. గాయాల భయంతో ఒకరిని పంపి తెచ్చుకున్న ఈయన, తొడ ఎముక విరిగి 2007 సంవత్సరమంతా ఆడనివాడు! జీతం సుమారు 55 లక్షల డాలర్లు. ఏంజెల్స్ మత్సుయికి ఇచ్చినది దాదాపు 60 లక్షలు. అంటే బేరం తేడా అయిదు లక్షలు, యాంకీస్ ఖజానాలో చిల్లర. ఫలితం? 2010లో జాన్సన్ 24 ఆటలాడి మణికట్టు గాయంతో కూలబడ్డాడు. మత్సుయి 145 ఆటల్లో 21 హోమ్ రన్లు కొట్టి 84 పరుగులు రాబట్టాడు. జూలై ఆఖరుకు అదే యాజమాన్యం హ్యూస్టన్ నుంచి లాన్స్ బర్క్‌మన్‌ను తెప్పించుకుంది. ఆయన వయసు 34. ఆ ఏడాది మార్చిలోనే మోకాలికి శస్త్రచికిత్స జరిగినవాడు. చదువరులు ఇక్కడ నవ్వుకోవచ్చు.

జరిగాక జాతకం చెప్పడం తేలికే అంటారు. ఎవరికి ఎప్పుడు గాయమవుతుందో ముందుగా తెలియదన్నది నిజమే. కానీ ఎవరి చరిత్రలో ఎన్ని గాయాలున్నాయో 2009 డిసెంబర్‌లోనే అందరి ఎదుటా ఉంది. మత్సుయి ఆ ఏడు 142 ఆటలాడి 28 హోమ్ రన్లు కొట్టాడన్నదీ ఉంది.

ఇక మనసు సంగతి. దాన్ని వాదంలోకి తేనన్నాను గానీ, ఒక్క మాట ఉండబట్టలేకపోతున్నాను. 2006 మే నెలలో బంతికోసం దూకి అతను మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. జపానులోనూ అమెరికాలోనూ కలిపి వరసగా 1,768 ఆటలాడిన పరంపర ఆ రోజుతో ఆగింది. అప్పుడతను చేసిన మొదటి పని, గాయపడినందుకు సహచరులను క్షమాపణ కోరడం. అలాంటి మనిషి 2010 ఏప్రిల్ 13న ఎర్ర టోపీ పెట్టుకుని, ప్రత్యర్థిగా యాంకీ స్టేడియానికి వచ్చి, తన విజయపు ఉంగరం తీసుకున్నాడు. పాత సహచరులంతా పరుగున వెళ్ళి చుట్టుముట్టి కౌగిలించుకున్నారు. ప్రేక్షకులు లేచి నిలబడ్డారు. 2013లో యాజమాన్యం కూడా మనసు చూపించింది: జూలై 28న ఒక్కరోజు ఒప్పందం రాయించి, యాంకీగా విరమించుకునే ఏర్పాటు చేసింది.

అన్నట్టు, వయసుకు వెరిచే సంస్థే అయితే 2010 డిసెంబర్‌లో 36 ఏళ్ళ డెరెక్ జీటర్‌కు, అప్పటిదాకా తన కెరీర్‌లోనే బలహీనమైన పూర్తి సీజన్ ముగించిన వాడికి, మూడేళ్ళకు 5 కోట్ల 10 లక్షల డాలర్లు ఎలా రాసిచ్చింది? జీటర్‌కు ఇవ్వకూడదని నేననను. అక్కడ మనసుకు విలువ కట్టినవాళ్ళు ఇక్కడ గణితం పేరు చెప్పకూడదంటాను.

మిత్రులొకరు తప్పక 2012 సంగతి ఎత్తుతారు. ఆ ఏడాది టాంపా బే జట్టులో మత్సుయి సగటు .147, 34 ఆటలతో సరి. ఒప్పుకుంటున్నాను, అప్పటికి అతను అయిపోయాడు. మూడేళ్ళ ఒప్పందం ఇచ్చి ఉంటే అది అవివేకమే అయ్యేది. అతనికి దొరికినది ఏంజెల్స్ ఇచ్చిన ఒక్క ఏడాది. యాంకీస్ ఇచ్చి ఉండవలసిందని నేను అంటున్నదీ ఆ ఒక్క ఏడాదే.