పెట్టె తాళం ఎవరి దగ్గర?



కోయంబత్తూరు పీళమేడులో సిత్రా స్టాపు దగ్గర ఒకప్పుడు బస్సు దిగేవాళ్ళలో ఎక్కువమంది మిల్లు షిఫ్టులకు పోయేవాళ్ళే. ఇప్పుడు అదే స్టాపులో మన ఇళ్ళ పిల్లలు కొందరు మెరిసే జాకెట్టు తొడుక్కుని విమానాశ్రయం పనికి దిగుతున్నారు. మదురైలో అవనియాపురం వైపు ఉన్నవాళ్ళకూ ఇది తెలిసిన సంగతే. సామాన్లు ఎక్కించడం, దించడం, బండ్లు లాగడం వాళ్ళ పని. జీతం సంగతి అడిగితే మనకంటే గొప్పగా ఏమీ లేదు. కానీ వాళ్ళ నోట విన్న ఒక విషయం మమ్మల్ని ఆలోచింపజేసింది.

భద్రత పాఠం చెప్పి, అనుమతి కార్డు ఇవ్వనిదే ఎవరినీ విమానం దగ్గరకు పంపరట. విమానం వచ్చి నిలబడినా, దాని మీద ఎర్ర దీపం మెరుస్తున్నంతసేపు ఎవరూ దగ్గరకు పోరాదు. ఇంజను ఇంకా తిరుగుతున్నదని దాని అర్థం. దీపం ఆరాలి, చక్రాలకు అడ్డు దిమ్మెలు పడాలి, తర్వాతే పని.

ఇంత కట్టుదిట్టం ఉన్నచోట కూడా ప్రాణాలు పోయాయి. 2015 డిసెంబరు 16న ముంబయిలో హైదరాబాదుకు బయలుదేరుతున్న విమానం ఇంజను ఒక టెక్నీషియన్‌ను లోపలికి లాగేసింది. 2019 జూలైలో కోల్‌కతాలో చక్రాల అర దగ్గర మరమ్మతు చేస్తున్న యువకుడు, దాని తలుపు ఒక్కసారిగా మూసుకోవడంతో మరణించాడు. పాఠం చెప్పినచోటే ఇలా జరిగితే, చెప్పనిచోట ఎలా ఉంటుందో వేరే చెప్పాలా?

మన కార్డింగు మిషను సంగతే చూడండి. స్విచ్చి ఆపినా సిలిండరు తన బరువుకు కొన్ని నిమిషాలు తిరుగుతూనే ఉంటుంది. అది నిలవకముందే చేయి పెట్టేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఉత్పత్తి తగ్గితే మేస్త్రీ అరుస్తాడని పెడతారు. కొత్తగా వచ్చిన బీహారు, ఒడిశా పిల్లలకైతే ఆ మాట వాళ్ళ భాషలో చెప్పేవాడే లేడు.

మేము మిల్లులో పనిచేసే రోజుల్లో, పేరెందుకు గానీ, ఒకనాటి రాత్రి షిఫ్టులో ఒక తమ్ముడికి రెండు వేళ్ళు తెగాయి. ప్రథమ చికిత్స పెట్టె గోడకే ఉంది. తాళం మాత్రం గుమాస్తా జేబులో, గుమాస్తా ఇంట్లో. తాళం పగలగొట్టి చూస్తే ఎండిపోయిన టింక్చరు సీసా, ఒక కత్తెర, ఎవరిదో టిఫిను చెంచా. మేమే కాటన్ వేస్టు తెచ్చి గాయానికి అదిమాము. ఒకాయన కాఫీ పొడి అద్దాడు. ఎవరూ వద్దనలేదు, ఎవరికీ తెలియదు గనుక. ఆసుపత్రిలో డాక్టరు మొదట అడిగిన మాట, ‘వేళ్ళు ఏవి?’ అని. అవి మిషను కిందే ఉండిపోయాయి. తాళం యాజమాన్యం తప్పు. తెలియకపోవడంలో మా తప్పూ ఉంది. అప్పటికే సంఘంలో ఉన్నాము, బోనసు గురించి తప్ప దీని గురించి ఏనాడూ మాట్లాడలేదు.

అలాంటప్పుడు ఏం చేయాలి? శుభ్రమైన గుడ్డతో గాయాన్ని గట్టిగా అదిమి, చేయి గుండెకంటే పైకి ఎత్తి పట్టుకోవాలి. వేస్టు, కాఫీ పొడి, పసుపు, ఏదీ వద్దు. తెగిన వేలిని శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టి, ఆ సంచిని ఐసు మీద పెట్టాలి. వేలు నేరుగా ఐసుకు తగలరాదు. వెంటనే 108కి ఫోను. నలిగిన వేలు అతుకుతుందో లేదో తేల్చేది డాక్టరు. తీసుకుపోవడం మన పని. తెగిన చేతుల వైద్యానికి దేశమంతా పేరున్న గంగా ఆసుపత్రి మన కోయంబత్తూరులోనే ఉంది. ఊరిలో అంత వైద్యం ఉండి, వేలు మిల్లులో మరచిపోవడం ఎంత అన్యాయం!

ఇది కొత్త కోరిక కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం 45వ సెక్షను 150 మందికి ఒక పెట్టె చొప్పున ఉండాలన్నది. అందులో వేరే వస్తువు ఏదీ పెట్టరాదన్నది (ఆ చెంచా కూడా చట్టవిరుద్ధమే). ప్రథమ చికిత్స సర్టిఫికెట్ ఉన్న మనిషి చేతిలో అది ఉండాలని, ఆ మనిషి పని గంటలన్నిటిలో అందుబాటులో ఉండాలని చెప్పింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త భద్రతా కోడ్ కూడా పని గంటలన్నిటిలో పెట్టె అందుబాటులో ఉండాలనే అంటున్నది. రాత్రి షిఫ్టు పని గంట కాదా?

ప్రతి షిఫ్టులో, ప్రతి ఖాతాలో ఇద్దరు కార్మికులకు సెయింట్ జాన్ అంబులెన్స్ వంటి సంస్థ చేత, జీతం కోయకుండా, శిక్షణ ఇప్పించాలని యాజమాన్యాలను కోరుతున్నాము. ఆఫీసు వాళ్ళకు ఇచ్చి లెక్క చూపితే ఒప్పుకోము. స్త్రీలు ఎక్కువగా ఉన్న ఖాతాలో ఒక సోదరి తప్పక ఉండాలి. వాళ్ళ పేర్లు తమిళంలో, తెలుగులో, హిందీలో పెట్టె మీదే రాయాలి.

అంతకుముందు మనం చేయగలిగినది ఒకటుంది. ఈ వారం మీ ఖాతాలో పెట్టె ఎక్కడుంది, లోపల ఏమేమి ఉన్నాయి, రాత్రి షిఫ్టులో తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఈ మూడూ ఒక కాగితం మీద రాసి సంఘం ఆఫీసులో ఇవ్వండి. తెలుగు రాయడం రాకపోతే తమిళంలోనే రాయండి.