శీర్షికలో ఏ పేరు రాయాలి?

మా బడిలో పెద్ద తరగతుల పిల్లలతో ఆదివాసీ నాయకుల మీద ఒక చేతిరాత విజ్ఞాన సర్వస్వం తయారు చేయిస్తున్నాం. ఒక్కో మనిషికి ఒక్కో కాగితం. పైన పేరు, కింద జీవితం. ఒక అమ్మాయి తన కాగితం మీద పెద్ద అక్షరాలతో 'సీతక్క' అని రాసింది. మాలో ఒక ఉపాధ్యాయుడు దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి 'ధనసరి అనసూయ' అని దిద్దారు. కాగితం తిరిగి చేతికొచ్చాక ఆ పిల్ల అడిగింది: "సార్, ఈమె ఎవరు?"

ఆ ప్రశ్న మీద మేం వారం రోజులు వాదించుకున్నాం. శీర్షిక చిన్న విషయం కాదు. మనిషిని వెతుక్కుంటూ వచ్చేవాళ్లకు అది గుమ్మం. ఆ గుమ్మం మీద ఉండాల్సింది రికార్డులోని పేరా, జనం పిలిచే పేరా?

"రికార్డులో ఉన్నదే అసలు పేరు" అంటారు చాలామంది. మేం ఒప్పుకోం. ఎందుకంటే రికార్డు ఎలా పుడుతుందో మాకు తెలుసు. అడ్మిషన్ రిజిస్టరు రాసేది మేమే. ఉంగిని ఉమ చేసిందీ, జోగాను యోగేష్ చేసిందీ మా కలమే. అన్నకు ఒక రకంగా, తమ్ముడికి ఇంకో రకంగా ఇంటిపేరు రాసి, కుల ధ్రువీకరణ పత్రం కోసం ఆ కుటుంబాన్ని ఆఫీసుల చుట్టూ తిప్పించిందీ మా కలమే. మైదానం నుంచి వచ్చిన ఉపాధ్యాయులే కాదు, ఆదివాసీలమైన మేమూ ఆ పని చేశాం. "మంచి పేరు పెట్టాం" అనుకున్నాం. అంటే అమ్మానాన్నలు పెట్టింది మంచిది కాదని చెప్పాం.

ఇది ఒక్క మన గూడేల కథ కాదు. 2022 జూలై 25న దేశానికి రాష్ట్రపతిగా ప్రమాణం చేసిన ద్రౌపది ముర్ము గారిది ఒడిశాలోని మయూర్‌భంజ్ జిల్లా. తన సంతాలీ పేరు పుటి అనీ, వేరే జిల్లా నుంచి వచ్చిన బడి ఉపాధ్యాయుడికి ఆ పేరు నచ్చక ద్రౌపది అని మార్చారనీ ఆమే ఒకసారి చెప్పారు. సంతాలుల్లో పేరు చావదు. నానమ్మ పేరు మనవరాలికి, తాత పేరు మనవడికి వస్తుంది. ఒక ఉపాధ్యాయుడి ఇష్టంతో ఆ గొలుసులో ఒక కొక్కెం తెగింది.

మరి ఆమె వ్యాసానికి 'పుటి' అని శీర్షిక పెట్టాలా? వద్దు. ద్రౌపది ముర్ము అనే పేరుతోనే ఆమె ఎన్నికల్లో నిలబడ్డారు, ప్రమాణం చేశారు. మనిషి తనదిగా మోస్తున్న పేరును అభిమానంతో కూడా మనం మార్చకూడదు. అలా మారిస్తే ఆ ఉపాధ్యాయుడికీ మనకూ తేడా ఉండదు. కానీ 'పుటి' అనే మాట వ్యాసం మొదటి పేరాలో ఉండాలి. చివర్లో ఎక్కడో విశేషంగా కాదు.

ఇంకో వాదన ఉంది. "ఎక్కువ పుస్తకాల్లో ఏ పేరుంటే అదే పెట్టండి" అని. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఆ పుస్తకాలు రాసింది ఎవరు? జైపాల్ సింగ్ ముండా సంగతి చూడండి. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకు కెప్టెన్. రాజ్యాంగ సభలో ఆదివాసీల గొంతు. 'వనజాతి' లాంటి మాటలు వద్దు, మమ్మల్ని ఆదివాసులనే పిలవండి అని పట్టుబట్టిన మనిషి. ఆ సభ చర్చల్లో ఆయన పేరు ఉత్త 'జైపాల్ సింగ్'. ఆ రెండు మాటలే చదివితే మన పిల్లలు ఆయన్ను పంజాబు వాడనుకుంటారు. "ఆయనే అలా రాసుకున్నారు కదా" అంటారు. నిజమే, ఆ సంగతి వ్యాసంలో చెప్పాలి. కానీ ఆయన ఇప్పుడు లేరు, అడగలేం. ఆయన ఎవరి కోసం నిలబడ్డారో వాళ్లు ఈ రోజు ఆయన్ను జైపాల్ సింగ్ ముండా అంటున్నారు. తన జాతిని ఏమని పిలవాలో సభలో కొట్లాడిన మనిషి పేరులోంచి ఆ జాతి పేరే తీసేయడం ఏం న్యాయం? ముండా శీర్షికలో ఉండాల్సిందే.

మళ్లీ మా కాగితం దగ్గరికి వద్దాం. "అక్క అనేది గౌరవవాచకం, విజ్ఞాన సర్వస్వంలో గౌరవవాచకాలు పనికిరావు" అన్నారు దిద్దిన ఉపాధ్యాయుడు. శ్రీమతి, గౌరవనీయ, మంత్రివర్యులు తీసేయమంటే మేమూ తీసేస్తాం. కానీ మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ వ్యాసానికి 'మహాత్మా గాంధీ' అని శీర్షిక పెడితే ఎవరికీ అభ్యంతరం లేదు. మహాత్మా చెల్లినచోట అక్క ఎందుకు చెల్లదు? ఉద్యమకాలంలో వచ్చిన పేరు అది. ములుగు జనం ఆ పేరుతోనే పిలుస్తారు, ఆమే ఆ పేరుతో పలుకుతారు. అక్క తీసేస్తే మిగిలే 'సీత' ఎవరో ఎవరికీ తెలియదు. ఆమె రాజకీయాలు నచ్చాయా లేదా అన్నది వేరే సంగతి. నచ్చని నాయకుడి పేరు కూడా సరిగానే రాయాలి.

కాబట్టి మేం ఇలా తేల్చుకున్నాం. మనిషి తనదిగా చెప్పుకున్న పేరే శీర్షిక. ఆ మనిషి లేకపోతే తన జనం పిలిచే పేరు. మన తెలుగు అలవాటు కోసం 'ముర్ము ద్రౌపది' అని తిప్పి రాయడం కూడదు, సంతాలులు తమ గోత్రనామం ఎక్కడ పెట్టుకుంటే అక్కడే ఉంచాలి. కొమురం, కొమరం, కుమ్రం అని బోర్డుకో రకంగా రాసే చోట ఆ తెగవాళ్ల నోట పలికే రూపాన్ని తీసుకోవాలి. మిగతా పేర్లన్నీ మొదటి పేరాలో చెప్పాలి. ఏ పేరుతో వెతికినా మనిషి దొరకాలి.

ఆ అమ్మాయి కాగితం తిరగరాసింది. పైన 'సీతక్క'. మొదటి వాక్యంలో 'ధనసరి అనసూయ'.

యువ రచయితలారా, మీరు ఏ నాయకుడి గురించి రాసినా ముందు ఆ ఊరికి వెళ్లి ఏమని పిలుస్తారో అడగండి. తోటి ఉపాధ్యాయులారా, జూన్‌లో రిజిస్టరు తెరిచినప్పుడు మనమూ అదే అడుగుదాం: "అమ్మా, ఇంట్లో బిడ్డను ఏమని పిలుస్తారు?" చెప్పిన పేరు చెప్పినట్టే రాద్దాం. రేపు ఆ బిడ్డ గురించి ఎవరైనా వ్యాసం రాయాల్సి వస్తే, శీర్షిక దగ్గర తగవు ఉండదు.