గోడకంటించిన కాగితం

సరస్సు మధ్యలో ఒంటరిగా నిలబడ్డ గంటగోపురం, వెనకాల మంచుకొండలు. ఈ బొమ్మని ఏ క్యాలెండరు మీదో, ఈమధ్య సెల్‌ఫోన్లలోనో చాలామంది చూసే ఉంటారు. "అబ్బ, ఎంత బావుందో!" అనుకునే ఉంటారు. ఇటలీలో, అటు ఆస్ట్రియాకీ ఇటు స్విట్జర్లాండుకీ దగ్గర్లో, ఆల్ప్స్ కొండల్లో ఉన్న గ్రౌన్ అనే ఊరు అది. ఇటాలియన్‌లో కురోన్ అంటారు. పద్నాలుగో శతాబ్దం నాటి ఆ గోపురాన్ని ఎవరూ నీళ్లలో కట్టలేదు. ఊళ్లోనే కట్టారు. ఊరే నీళ్లపాలయింది.

ఒక ఊరికి రెండు పేర్లెందుకున్నాయో తెలిస్తేగానీ మిగతా సంగతి బోధపడదు. మొదటి ప్రపంచయుద్ధం దాకా ఆ దక్షిణ టిరోల్ ప్రాంతం ఆస్ట్రియాది. ఇళ్లలో మాట జర్మన్. యుద్ధం తర్వాత ఇటలీ చేతికొచ్చింది. ముస్సోలినీ ప్రభుత్వం ఊళ్ల పేర్లు మార్చేసి, బళ్లలో జర్మన్ చెప్పకూడదంది. అప్పుడు దొంగచాటుగా బళ్లు పెట్టుకున్నారు. వాటిల్లో పాఠాలు చెప్పిన వాళ్లు ఎక్కువమంది వయసులో ఉన్న ఆడపిల్లలే! ఏంజెలా నికోలెట్టి అనే టీచరమ్మ అందుకోసం జైలుకి కూడా వెళ్లింది. 1930లో, పాతికేళ్లకే క్షయతో పోయింది.

అక్కడున్న రెండు సరస్సుల్నీ కలిపి కరెంటు కోసం ఆనకట్ట కట్టాలన్నది మోంటెకాటిని అనే కంపెనీ పథకం. మొదట్లో నీటిమట్టం ఐదు మీటర్లు పెంచుతామన్నారు. తర్వాత అది ఇరవై రెండయింది. లెక్కలవాళ్లకి అది అంకెల తేడా. ఆ ఊరికి మాత్రం ఉండటానికీ, లేకపోవడానికీ ఉన్న తేడా. రెండో ప్రపంచయుద్ధపు తొలిరోజుల్లో ఆ సంగతి నోటీసు అంటించారు. ఏ భాషలోననుకున్నారు? ఇటాలియన్‌లో! ఎవరూ అభ్యంతరం చెప్పలేదు కనక అందరూ ఒప్పుకున్నట్టే లెక్క కట్టారు.

ముస్సోలినీ పోయాక ఆ పథకమూ పోతుందనుకుంటాం కదా. పోలేదు. 1947లో స్విస్ డబ్బుతో పని మళ్లీ ఊపందుకుంది. ఊరి ఫాదరీ ఆల్‌ఫ్రెడ్ రీపర్ రోముదాకా వెళ్లి పోపుగారికి మొరపెట్టుకున్నా ఆగలేదు. 1950లో 163 ఇళ్లు, 523 హెక్టార్ల భూమి మునిగాయి. చర్చిని కూల్చేసి, పాతదని గోపురాన్ని మాత్రం ఉంచారు. చాలా కుటుంబాలు వెళ్లిపోయాయి. మిగిలినవాళ్లు పైగట్టున కొత్త ఊరు కట్టుకున్నారు.

గంటల్ని ఆ ఏడే దించేశారు. అయినా చలికాలం రాత్రుళ్లు అవి మోగుతాయంటారట. దయ్యాల సీరియల్ కూడా 2020లో వచ్చింది. కథలు రాసేదాన్నే అయినా, నాకు ఆ గంటలకంటే ఆ కాగితాన్ని తలుచుకుంటేనే ఎక్కువ భయమేస్తుంది. 2021లో మరమ్మతుల కోసం నీళ్లు తీసేస్తే మెట్లూ, నేలమాళిగలూ, గోడలూ బయటపడ్డాయి. జనం ఫొటోలకి ఎగబడ్డారు. ఆ మెట్లమీద కూచుని ఏ అమ్మో బిడ్డకి అన్నం పెట్టి ఉంటుందని ఎంతమందికి తట్టిందో!

మనకీ కొత్తేం కాదు. శ్రీశైలం నీళ్లు తగ్గినప్పుడల్లా సంగమేశ్వరం గుడి బయటపడుతూనే ఉంది. భూమి తీసుకునేటప్పుడు నోటీసు స్థానిక భాషలో ఉండాలని 2013 చట్టం చెబుతోంది, నిజమే. కానీ ఆ తెలుగెలా ఉంటుంది? "సామాజిక ప్రభావ మదింపు" అన్న ముక్కని పక్కింటావిడకి విడమరిచి చెప్పండి చూద్దాం! వితంతువుల్నీ, భర్త వదిలేసినవాళ్లనీ విడి కుటుంబాలుగా లెక్కించాలని అదే చట్టంలో ఉంది. పోయేది వాళ్ల ఇల్లే, కానీ ఆ ముక్క వాళ్లకి ఎవరు చెప్పారు?

కాగితం అంటించి చేతులు దులుపుకుంటే చాలదు. డ్వాక్రా సంఘాల మీటింగులో ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో దాన్ని చదివి వినిపించాలి. ఆడవాళ్లు అడిగినదానికల్లా జవాబు చెప్పాలి. అడిగిన ప్రశ్నలు, చెప్పిన జవాబులు కూడా రాసుకున్నాకే సంతకాల మాటెత్తాలి.